ఇంట వీడియోపాఠ నిర్మాణము: ఉపకరణములు, ఉచ్చారణ ప్రామాణ్యము

కరోనా వ్యాధి మూలమున 2020 మార్చిలో విద్యాలయములు మూతపడినప్పుడు తెలుగు బోధించు అధ్యాపకులలో పెక్కురు తొలిసారిగా తమ యింటి గదిలో ఫోనును ఎదుట నిలుపుకొని పాఠము చెప్పిరి. నాడది గత్యంతరము లేక చేసిన పని. తరగతులు మరల ఆరంభమైన పిదపను ఆ యలవాటు పోలేదు. పద్యపఠనము, వ్యాకరణపాఠము, గ్రంథపరిచయము, పరీక్షోపయోగి ప్రసంగము మున్నగునవి నేడు వీడియోలుగా రూపొంది యూట్యూబు వంటి వేదికలపై నిలిచి యున్నవి. పరిశోధక విద్యార్థులును క్షేత్రపర్యటనములందు వృద్ధుల మాటలను, వృత్తికారుల పనిని అట్టి ఫోనులతోనే చిత్రించి, ఇంటికి వచ్చి అట్టి సాఫ్టువేరులతోనే సవరించుకొనుచున్నారు.

ఈ పనికి వలయు సామగ్రిని గూర్చి సలహాలకు కొదువ లేదు. అవి చాలవరకు బొమ్మ అందముగా నుండుటకు చెప్పినవి. మన శాస్త్రమునకు విషయము భాష. భాషకు మొదటి రూపము ధ్వని. కావున తెలుగు పాఠమునకు గాని తెలుగు పరిశోధనమునకు గాని వీడియో నిర్మించువారు తమ ఉపకరణములను ఒకే గీటురాతిమీద పరీక్షించి యెన్నుకొనవలెనని మా ప్రతిపాదనము. ఆ గీటురాయి, పలికినవాని వర్ణములు పలికినట్లే నిలుచుట. ఇది రుచికి సంబంధించిన మాట కాదు. యంత్రము పోగొట్టిన మహాప్రాణమును వక్త పోగొట్టినట్లు పరిశోధకుడు వ్రాసికొనినచో శాస్త్రమే తప్పుదారి పట్టును.

1. పూర్వరంగము

తెలుగు మాటను యంత్రముపై నిలుపు ప్రయత్నము క్రొత్తది కాదు. గ్రియర్సను నిర్వహించిన భారతీయ భాషా సర్వేక్షణమునకు అనుబంధముగా దేశభాషలను గ్రామఫోను పలకలపై నెక్కించిరి. మదరాసు రాజధాని భాషల పలకలకు చెందిన పాఠములు 1927లో మదరాసు ప్రభుత్వ మ్యూజియము పక్షమున అచ్చైనవి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియోకేంద్రము ప్రారంభమైనది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు సాగిన టెలివిజను ప్రయోగమున ఆంధ్రప్రదేశ గ్రామములును చేరినవి. తెలుగున కార్యక్రమములు ప్రసారమైనవి. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయముల నిధుల సంఘము దేశవ్యాప్త తరగతి యను టెలివిజను పాఠముల నారంభించినది.

ఈ దశలన్నిటియందును మాటలాడువాడు వేఱు, ధ్వనిని పట్టువాడు వేఱు. గదిని, మైకును, ధ్వనిస్థాయిని కనిపెట్టుటకు శిక్షణ పొందిన ఇంజనీరు గాజుపలక కావల కూర్చుండెడివాడు. ఇంట పాఠము చిత్రించుకొను అధ్యాపకునకు అట్టి సహాయుడు లేడు. ఆ స్థానమున ఫోనులోని సాఫ్టువేరు కూర్చున్నది. అది రొదను తగ్గించును, సన్నని గొంతును పెంచును, పెద్ద గొంతును అణచును. ఇన్నిటిని మన యనుమతి అడుగకయే చేయును. మాట వినబడుట దాని లక్ష్యము. శకార సకారముల భేదము నిలుచుట దాని లక్ష్యము కాదు. ఇంటిలో ఇంజనీరు పనికూడ తానే చేయవలసిన అధ్యాపకుడు ఈ భేదమును ముందుగా గుర్తింపవలెను.

2. ఏ వర్ణములు ముందుగా చెడును?

వర్ణములన్నియు సమముగా చెడవు. అచ్చులు బలముగలవి, ఎట్టి పరికరమునకైనను లొంగును. హల్లులలో ఊష్మములు సుకుమారములు. సకారమందలి శక్తి చాలవరకు సెకనుకు 4,000 కంపనములకు పైన నుండును. శకారమున అంతకంటె దిగువనుండియే మొదలగును. పాతకాలపు టెలిఫోను 300 నుండి 3,400 కంపనముల వరకే మోసెడిది. అట్టి మార్గమున 'శరము', 'సరము' అను రెండు మాటలకు భేదము సందర్భమునుబట్టి ఊహించుకొనవలసినదే గాని చెవికి స్పష్టముగా అందదు.

మహాప్రాణముల సంగతియు నట్టిదే. 'ఫలము'నకు 'పలము'నకు, 'ఖరము'నకు 'కరము'నకు గల భేదము స్పర్శము విడిన వెంటనే వెలువడు కొలదిపాటి ఊపిరి. అది స్వరూపమున ఫ్యాను గాలిరొదను పోలియుండును. రొదను తొలగించు సాఫ్టువేరునకు ఆ రెంటిని వేఱుపఱచుట కష్టము. ఎక్కువ బలముగా పని చేయించినచో ఫ్యానుతో పాటు ప్రాణమును గూడ తొలగించును.

తెలుగునకు ప్రత్యేకమైన చ, జల ద్వైవిధ్యము నిట ఆలోచింపదగినది. చిన్నయసూరి బాలవ్యాకరణమున దంత్యములు, తాలవ్యములునని చజలకు భేదము చెప్పబడినది. 'చలి'లోని చకారము దంత్యము, 'చెలి'లోనిది తాలవ్యము. దంత్యచకారమున సకారమువంటి సన్నని ఈల చేరియుండును. పై కంపనములు నశించినచో మొదట పోవునది ఆ ఈలయే.

ద్విత్వము మఱొక విధముగా చెడును. 'గడి', 'గడ్డి' అను మాటల భేదమున ముఖ్యమైనది నాలుక అంటియున్న కాలము. ద్విత్వమున ఆ కాలము దీర్ఘము. కంఠనాదము కొలదిగా నున్నను అది దాదాపు మౌనము. 'అక్క', 'అత్త' వంటి పరుషద్విత్వములందు అది పూర్ణముగా మౌనమే. మౌనమే వర్ణభేదమునకు ఆధారమైనచోట ఆ మౌనమును ప్రతిధ్వని నింపినచో భేదము మసకబారును. గురులఘువుల సంగతియు నింతే. హ్రస్వాచ్చు సెకనులో పదవవంతునకు అటునిటుగా నుండును. దీర్ఘము దానికి దాదాపు రెట్టింపు. గదిలోని ప్రతిధ్వని అంతకంటె ఎక్కువకాలము మ్రోగుచుండినచో లఘువు వెనుక తోక యేర్పడి, ఛందస్సు చెప్పు పాఠముననే గురులఘువులు చెవికి తేటగా నందవు.

పద్యగానమునకు వేఱొక ముప్పు కలదు. సమావేశములకై నిర్మించిన సాఫ్టువేరులలో రొదను అణచు ఏర్పాటు మొదటినుండియు పని చేయుచుండును. మాట క్షణక్షణమునకు మాఱును. ఫ్యాను మ్రోత మాఱక సాగును. పద్యాంతమున తీసిన ఆలాపనయు మాఱక సాగునదియే. అందుచేత యంత్రము ఆలాపనను మ్రోతగా భావించి మధ్యమధ్య తెగగొట్టును. ఆన్లైను అవధానములందు, పద్యపఠన పోటీలందు గొంతు మునిగి తేలినట్లు వినబడుటకు ఇంటర్నెట్టు మందగతి యొక్కటే కారణము కాదు. జూమ్ వంటి సాఫ్టువేరులో అసలు ధ్వనిని అట్లే పంపు నమరిక కలదు. పద్యము చదువువారు దానిని వెదకి పెట్టుకొనుట మంచిది.

ఇందు పరిశోధకులకు ప్రమాదమెక్కడ? మహాప్రాణములు అల్పప్రాణములగుట, శషలు సకారమగుట తెలుగు వాడుకలో నిజముగా కనబడు మార్పులే. అవి ఎన్నడును లేని మార్పులైనచో యంత్రదోషమును వెంటనే పట్టుకొందుము. ఉన్న మార్పులగుటచేత యంత్రము కల్పించినదానిని వక్తకు సహజమైనదిగా నమ్ముట సులభము. మాండలిక పరిశోధనమున ఫోను ధ్వనిముద్రణమును సాక్ష్యముగా చూపువారు, ఆ ముద్రణము ఏ పరికరముతో, ఏ యమరికలతో జరిగెనో తప్పక పేర్కొనవలెను.

3. గది

ఇంటి వీడియోకు మొదటి ఉపకరణము గది. దీనికి ధనవ్యయము అక్కరలేదు. నాపరాళ్ళు పఱచి సున్నము కొట్టిన ఖాళీగది మ్రోగును. పరుపు, పుస్తకముల బీరువా, బట్టల దండెము, దళసరి తెరలు గల గది మ్రోగదు. గది నడుమ నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టి వినిన చాలును. చప్పుడు వెంటనే ఆగినచో గది అనుకూలము, సాగినచో ప్రతికూలము. ప్రతికూలమైనచో వక్తకు ఎదుటి గోడమీదను వెనుక గోడమీదను బొంతలు గాని దుప్పట్లు గాని వ్రేలాడదీయవలెను. నేలపై జంపఖానా పఱవవలెను. ప్రతిధ్వనిని తరువాత సాఫ్టువేరుతో తొలగింతుమని తలచుట మంచిది కాదు. గాలిరొద మాటకు ప్రక్కన నుండును. ప్రతిధ్వని మాటతోనే పుట్టి మాటలో కలిసిపోవును. కలిసినదానిని విడదీయుట కష్టము.

రొదలలో ఫ్యాను, ఫ్రిజ్జు, ఇన్వర్టరు ఎడతెగనివి. మిక్సీ, కుక్కరు కూత, వీధి అమ్మకందారుని కేక అప్పుడప్పుడు వచ్చునవి. మొదటివానిని ఆపివేయవలెను, రెండవవానికి వేళ నెంచుకొనవలెను. వేసవిలో ఫ్యాను లేక కూర్చుండుట దుర్భరము. పది నిమిషముల పాఠమును మూడు నాలుగు ముక్కలుగా చెప్పి, నడుమ ఫ్యాను వేసికొనుట ఆచరణసాధ్యము. ప్రతి ముక్కకు మొదట పది సెకనులు ఏమియు మాటలాడక ఊరకుండవలెను. గదియొక్క సహజ నిశ్శబ్దము అందు నిలుచును. అది తరువాత సాఫ్టువేరునకు కొలతగా ఉపకరించును.

4. మైకు

ధనము వెచ్చింపవలసిన మొదటి వస్తువు మైకు. దూరము రెట్టింపైనకొలది నేరుగా వచ్చు ధ్వని 6 డెసిబెల్లుల చొప్పున తగ్గును. గది ప్రతిధ్వని మాత్రము అంతగా తగ్గదు. ఎనిమిది అడుగుల దూరమున నున్న ఫోను, ఒక అడుగు దూరమున నున్న మైకుకంటె 18 డెసిబెల్లులు తక్కువగా మాటను గ్రహించి, ఆ లోటును ప్రతిధ్వనితో నింపికొనును. ఖరీదైన ఫోను దూరమున నుండుటకంటె చౌకమైకు దగ్గఱ నుండుట మేలు.

చొక్కాకు గాని చీరచెఱగునకు గాని తగిలించుకొను చిన్న తీగమైకు ప్రారంభకులకు చాలును. 1962లో బెల్ ప్రయోగశాలయందు గెర్హార్డ్ సెస్లరు, జేమ్స్ వెస్ట్ అనువారు నిర్మించిన ఎలెక్ట్రెట్ మైకు వలన ఇంత చిన్న వస్తువులో మేలైన ధ్వనిగ్రహణము సాధ్యమైనది. దానిని గడ్డము క్రింద జానెడు దూరమున, వస్త్రమునకు ఒరయకుండ, గొలుసులు తగులకుండ అమర్చవలెను. వక్షమునకు ఆనుకొని యున్న మైకునకు ఊష్మములు కొంచెము మందముగా వినబడును. వర్ణోచ్చారణ పాఠములకు బల్లపై నిలుపు మైకు అంతకంటె మంచిది. దానిని నోటికి సూటిగా గాక కొంచెము ప్రక్కగా, జానెడు మొదలు మూరెడు లోపల నుంచవలెను. సూటిగా నుంచినచో ప, ఫ, భలు పలుకునపుడు గాలి మైకునకు తగిలి 'డబ్బు'మను చప్పుడు పుట్టును. నురుగుటోపీ కొంతవఱకు దాని నడ్డును.

బల్లమైకులలో కండెన్సరు, డైనమిక్ అని రెండు జాతులు. మొదటిది సూక్ష్మధ్వనులను బాగుగా గ్రహించును. గది రొదనుగూడ గ్రహించును. రెండవది దగ్గఱి గొంతునే పట్టును; మ్రోగు గదికి అదియే యోగ్యము. కంప్యూటరునకు నేరుగా తగిలించు యు.ఎస్.బి. మైకు ఈ రెండు జాతులలోను దొరకును.

బ్లూటూత్ చెవిమైకును గూర్చి విడిగా చెప్పవలసి యున్నది. మాటలాడుటకు వాడునపుడు అందు ధ్వని సాధారణముగా సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలతో మాత్రమే ప్రయాణించును. నమూనాల సంఖ్యలో సగమువఱకే కంపనములు నిలుచుట ధ్వనిశాస్త్ర నియమము. అనగా మొదటి విధమున 4,000 కంపనములకు పైదంతయు పోవును. సకారమునకు ప్రధానమైన భాగము అందే యున్నది. ఉచ్చారణ ముఖ్యమైనచోట దీనిని వాడరాదు. వేఱు రేడియో మార్గమున పని చేయు తీగలేని చొక్కామైకులు ఇంతకంటె మేలైనవి. ఐనను వానిపై రొదను అణచు మీట యున్నచో దానిని ఆపి యుంచవలెను.

ముద్రణము సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్ల లోతుతో, వేవ్ రూపమున జరుగుట ప్రశస్తము. ఒక మైకుతో ఇట్లు చేసిన ముద్రణము నిమిషమునకు 8.64 మెగాబైట్లు, గంటకు సుమారు 518 మెగాబైట్లు ఆక్రమించును. నేటి ఫోనులకు ఇది భారము కాదు. అత్యున్నతస్థాయి 12 డెసిబెల్లులు దిగువన నుండునట్లు చూచుకొనవలెను. స్థాయి మించి విఱిగిన ధ్వనిని పిదప బాగుచేయుట దాదాపు అసాధ్యము. తగ్గిన ధ్వనిని పెంచుకొనుట సులభము. స్థాయిని తనంతట సవరించు ఏర్పాటు ఉన్నచో దానిని తీసివేయవలెను. అది విరామములందు రొదను పెంచి, ఊనికగల చోట గొంతును అణచును. కాకుస్వరమును చెప్పు అధ్యాపకుని కాకువే అందు మాయమగును. 2016లో వెలువడిన ఆండ్రాయిడు 7 నుండి సవరింపని ధ్వనిని తీసికొను అవకాశము కల్పింపబడినది. ఫోను నిర్మాతలును, ధ్వనిముద్రణ యాపును సమకూర్చినపుడే అది లభించును గాన, యాపు అమరికలలో వెదకి చూడవలెను.

5. వెలుతురు, కెమెరా

ఇందు చెప్పవలసినది కొలదియే. ఉదయము కిటికీవెలుతురు ముఖమునకు ఏటవాలుగా పడునట్లు కూర్చుండుట ఉత్తమము. కిటికీ వెనుక నున్నచో ముఖము నల్లబడును. పగటివెలుతురును పసుపుదీపమును కలుపరాదు. కెమెరా ఏ రంగునకు సరిపడవలెనో తేల్చుకొనలేదు. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించును. కొన్ని దీపములు దానికి అనుగుణముగా మినుకుమినుకు మనును. తెరపై చారలు కదలినట్లు కనబడినచో కెమెరా షట్టరును సెకనులో 50వ వంతునకు గాని 100వ వంతునకు గాని మార్చిన అవి తగ్గును.

ఫోనులో సాధారణముగా వెనుకవైపు కెమెరా ముందువైపుదానికంటె మంచిది. మూడుకాళ్ళ స్టాండుపై కంటియెత్తున నిలిపి, తెరపై వ్రేలు నొక్కిపట్టి దృష్టిని, వెలుతురును స్థిరపఱచవలెను. 1920×1080 చుక్కల చిత్రము పాఠమునకు చాలును. అంతకు మించినది స్థలమును, కంప్యూటరు కాలమును తినును. అందుకు వెచ్చించు ధనము మైకునకు వెచ్చించుట యుక్తము. మధ్యమున ఫోను మ్రోగకుండ విమానరీతిలో నుంచుట మఱువరాదు.

తాళపత్రములను చూపువారికి మాత్రము వెలుతురే ప్రధానము. గంటముతో గీసిన అక్షరములు పైనుండి పడు వెలుతురున స్పష్టముగా కనబడవు. ప్రక్కనుండి వాలుగా పడు వెలుతురున గీతల లోతు నీడదేరి అక్షరము తేలును. వేడి పుట్టని ఎల్.ఇ.డి. దీపమునే వాడి, కెమెరాను పత్రమునకు సరిగా పైన నిలిపి, ప్రక్కన కొలబద్ద నుంచి చిత్రింపవలెను. కొలబద్ద లేని పత్రచిత్రము చూచుటకే గాని కొలుచుటకు పనికిరాదు.

6. సాఫ్టువేరు

వెల లేని సాఫ్టువేరుతోనే ఈ పని అంతయు నెఱవేఱును. కంప్యూటరు తెరను, ముఖమును ఏకకాలమున చిత్రించుటకు 2012లో తొలిసారి వెలువడిన ఓ.బి.ఎస్. స్టూడియో ప్రసిద్ధము. ధ్వనిని సవరించుటకు 2000లో వెలువడిన అడాసిటీ, వీడియోను కత్తిరించి కూర్చుటకు కెడెన్‌లైవ్, షాట్‌కట్, ఉచితరూపమున దొరకు డావించి రిజాల్వు కలవు. వీనిలో చివరిది శక్తిమంతమైనను బలమైన కంప్యూటరును కోరును. పాత ల్యాప్‌టాపు గలవారికి షాట్‌కట్ అనుకూలము.

ధ్వనిని వేఱుగా, చిత్రమును వేఱుగా తీసినప్పుడు రెంటిని కలుపుటకు సినిమావారి పద్ధతియే శరణ్యము. పాఠమునకు ముందు కెమెరా యెదుట ఒకసారి చప్పట్లు కొట్టవలెను; చేతులు కలిసిన బొమ్మను, ధ్వనిరేఖలోని శిఖరమును ఒకచోటికి జరిపినచో రెండును సరిపడును. మొదట సరిపడి, పోనుపోను పెదవులకు మాటకు ఎడము పెరుగుట కొందఱికి అనుభవమే. ఫోనులు వెలుతురును బట్టి సెకనుకు తీయు చిత్రముల సంఖ్యను మార్చుచుండుట దీనికి ముఖ్యకారణము. హ్యాండ్‌బ్రేక్ అను సాఫ్టువేరుతో చిత్రసంఖ్యను స్థిరపఱచి పిదప కూర్చినచో ఈ దోషము పోవును.

ధ్వని సవరణమున మూడు మెట్లు చాలును. మొదట 80 కంపనములకు దిగువనున్న గుయిమనుధ్వనిని తొలగింపవలెను. మనుష్యకంఠమునకు దానివలన హాని లేదు. పిదప ఆరంభమున వదలిన పది సెకనుల నిశ్శబ్దమును కొలతగా చూపి రొదను తగ్గింపవలెను. ఈ తగ్గింపు 6 డెసిబెల్లులతో మొదలిడి, ఎంత అవసరమైనను 12 దాటనీయకుండుట మంచిది. చివర మొత్తము స్థాయిని సమముగా పెంచుకొనవలెను. నిశ్శబ్దభాగములను పూర్తిగా మూయు 'గేటు' అను సాధనమును తెలుగు పాఠమునకు వాడరాదు. మన మాటలు చాలవఱకు అచ్చుతో ముగియును. వాక్యాంతమున ఆ అచ్చు సన్నగిలును. గేటు దానిని మాటలో భాగముగా నెంచక కోసివేయును. అజంతభాష ఆ తెఱమీద హలంతమగును.

ఏ యమరిక యెంత చెఱచునో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. కల–కళ, పలు–పాలు, గడి–గడ్డి, శరము–సరము, ఫలము–పలము, ఖరము–కరము, చలి–చెలి అను జంటలను వరుస మార్చి చదివి, ఒకసారి రొదతగ్గింపు లేకయు, ఒకసారి దానితోను ముద్రింపవలెను. ఆ పట్టికను చూడని వేఱొకరికి వినిపించి, విన్నది వ్రాయుమనవలెను. ఏ జంటలో తడబాటు కలిగెనో ఆ భేదమును ఆ పరికరము మోయలేదని యర్థము. ఆంస్టర్‌డాం విశ్వవిద్యాలయమున రూపొందిన ప్రాట్ అను ఉచిత సాఫ్టువేరులో అవే ముద్రణములను తెఱచినచో, సకారపు పైకంపనములు నిలిచినదియు పోయినదియు కంటితోనే చూడవచ్చును. క్షేత్రమునకు బయలుదేరు ప్రతి విద్యార్థియు ఈ పరీక్షను ముందుగా ఇంటిలో చేసికొని ఫలితమును తన నోటుపుస్తకమున వ్రాసికొనుట ఆవశ్యకము.

7. తెఱపై తెలుగు లిపి

తెలుగు 1991లోనే యూనికోడులో చేరినను, వీడియో సాఫ్టువేరులన్నియు దానిని సరిగా కూర్చలేవు. గుణింతము విడిపోయి, వత్తు ప్రక్కకు జరిగి, 'స్త్రీ' వంటి సంయుక్తము ముక్కలగుట కనబడుచుండును. అడోబీ ప్రీమియరులో దక్షిణాసియా లిపులకు తగిన అమరికను ఎన్నుకొనవలసి యుండును. అట్టి యమరిక లేనిచోట, శీర్షికను లిబ్రె ఆఫీసు గాని ఇంక్‌స్కేపు గాని వాడి వ్రాసి, వెనుకభాగము పారదర్శకమైన పి.ఎన్.జి. బొమ్మగా మార్చి వీడియోపై నతికించుట తిరుగులేని మార్గము. మండలి, సూరన్న, గురజాడ, నోటో మొదలగు ఫాంట్లు ఉచితముగా లభించును. దంత్య చజలకు గుర్తులైన ౘ, ౙలు 2008లో యూనికోడున చేరినవి. అన్ని ఫాంట్లలోను అవి యుండవు గాన ముందే సరిచూచుకొనవలెను.

పద్యపాఠమునకు మూలము తెఱపై కనబడుట మేలు. దానిని బొమ్మలో కలిపివేయుటకంటె వేఱుగా ఎస్.ఆర్.టి. ఫైలుగా, యు.టి.ఎఫ్-8 రూపమున వ్రాసి చేర్చుట ఉచితము. అప్పుడు దానిని దిద్దవచ్చును, వెదకవచ్చును. చెవి వినబడని విద్యార్థియు చదువుకొనగలడు. ఒక మాటకు బొమ్మతో, ధ్వనితో, వ్యాఖ్యతో లంకె కుదుర్చుటకు నైమేఖన్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ వారి ఎలాన్ అను ఉచిత సాఫ్టువేరు కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయపదములను గ్రంథస్థము చేసినది. నేడు అట్టి సేకరణమునకు పూనుకొను విద్యార్థి, పనిముట్టు పేరును వ్రాయుటతో నాగక, దానిని చేపట్టి పనిచేయుచు రైతు ఆ పేరు పలుకుటను క్షణము తప్పక చూపగలడు. ఇంతటి సౌకర్యము పూర్వపరిశోధకులకు లేదు.

8. ప్రకటనము, భద్రపఱచుట

యూట్యూబునకు ఎక్కించిన వీడియోను ఆ వేదిక మరల కుదించి వేఱు రూపములలో నిలుపును. ఆ కుదింపున చెవికి అంతగా పట్టవని యెంచిన సూక్ష్మాంశములు విడువబడును. వినుటకు అది చాలును, సాక్ష్యమునకు చాలదు. కావున మొదటి వేవ్ ఫైలును, కెమెరానుండి వచ్చిన మొదటి చిత్రమును మార్పు లేక దాచవలెను. రెండు ప్రతులు రెండు వేర్వేఱు చోట్ల నుండవలెను. ఫైలు పేరులో తేదీ, ఊరు ఉండవలెను. ప్రక్కన చిన్న పాఠ్యఫైలులో మైకు, దూరము, అమరికలు, సవరణములు వ్రాసి యుంచవలెను. వక్త సమ్మతిని మొదటనే తెలుగున అడిగి, అతని నోటనే ముద్రించుకొనవలెను. ఆ ముద్రణము ఎక్కడ, ఎవరికి వినబడునో ముందుగా విశదపఱుపవలెను.

కృతులను పూర్తిగా చదివి ప్రకటించువారు హక్కులనుగూడ గమనింపవలెను. మన చట్టమున సాహిత్యకృతికి హక్కు కర్త మరణించిన సంవత్సరము గడచినపిదప 60 ఏండ్లు నిలుచును. గురజాడ, వీరేశలింగముల కృతులకు ఈ యడ్డు లేదు. 1971లో దివంగతులైన జాషువ కవిగారి కృతులకు 2031 సంవత్సరాంతము వఱకు కలదు.

ఉపసంహారము

పై విచారణమువలన తేలినది యిది. ఇంట వీడియో నిర్మించు తెలుగు అధ్యాపకునకు ఉపకరణముల వరుస గది, మైకు, వెలుతురు, కెమెరా, సాఫ్టువేరు. అంగడిలో చెప్పు వరుస సాధారణముగా దీనికి తలక్రిందు. సాఫ్టువేరు చేయు మేళ్ళలో మనము కోరినవి కొన్ని, కోరనివి కొన్ని. కోరనివానిని గుర్తించి ఆపుటయే ఈ విద్యలో మొదటి నేర్పు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగు తెలుగుబిడ్డకు ఇంటివారి గొంతు తప్ప వేఱు ఆదర్శము లేనప్పుడు, మన పాఠమే శకారమునకు, ళకారమునకు, ద్విత్వమునకు ప్రమాణమగును. ఒక వృద్ధురాలి పలుకు నేడు ఫోనున ముద్రితమై, రేపు ఆమె లేనినాడు ఆ మాండలికమునకు మిగిలిన సాక్ష్యము అదియే కావచ్చును. ఆ సాక్ష్యమును వినువారు ఆమె గొంతునే వినవలెను గాని యంత్రము దిద్దిన గొంతును గాదు. ఇందుకు అధికవ్యయ మక్కరలేదు; దగ్గఱ నిలిపిన మైకు, దుప్పటి కప్పిన గోడ, ఆపివేసిన రెండు మీటలు చాలును. తెలుగుశాఖలు తమ పరిశోధక విద్యార్థులకు క్షేత్రకార్యవిధానము బోధించునపుడు ఈ యంశమునకు ఒకటి రెండు తరగతులు కేటాయించుట యుక్తమని మా యభిప్రాయము.